తీరిక లేనివారు బరువు తగ్గుట ఎట్లు?

(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)

మా చదువు, మా బోధన ఉర్దూలోనే అయినా ఈ సభలో తెలుగు మీడియంలో చదివిన పిల్లలు చాలామంది ఉన్నారు గనుక తెలుగులోనే మాట్లాడుచున్నాము. ఉర్దూ మాట మధ్యలో దొర్లితే పెద్దలు మన్నించాలి. ఈ ఉపన్యాసమును భోజనానికి తరువాత పెట్టకుండా ముందు పెట్టుట కార్యదర్శిగారి యుక్తి. లోపల దేగిశా మూత తీసిన వాసన ఇక్కడిదాకా వస్తున్నది. అటువంటి సమయంలో బరువు తగ్గమని చెప్పుట సులభమైన పని కాదు. అయినా చెప్పక తప్పదు.

ఎందుకు తప్పదో ముందు మనవి చేస్తాము. మన సంఘమునకు వచ్చే సహాయ దరఖాస్తులు పూర్వము ఎక్కువగా ఆడపిల్లల పెండ్లిండ్లకు, పిల్లల ఫీజులకు ఉండేవి. ఇప్పుడు డయాలిసిస్‌కు, గుండెకు స్టెంటు వేయించుటకు, చక్కెర వ్యాధివల్ల కాలికి పుండుపడి ఆసుపత్రిలో చేరినందుకు వస్తున్నవి. అడిగేవారు ముసలివారు కారు. నలభై, నలభై ఐదు ఏండ్లవారు, ఇంటికి సంపాదించేది తామొక్కరే అయినవారు. జకాత్ సొమ్ము ఎంత కూడబెట్టినా ఈ దారిన పోతుంటే నిలువదు. మనిషి పడిపోయిన తరువాత చందాలు పోగు చేయుటకన్న, పడకుండా ముందే చేయగల పని ఏదైనా ఉన్నదా అని మనం ఆలోచించవలసి ఉంది.

లెక్కలు కొన్ని చూద్దాం. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన ఆంధ్రప్రదేశ్‌లో 15 మొదలు 49 ఏండ్ల ఆడవారిలో నూటికి 36 మంది, మగవారిలో నూటికి 31 మంది ఉండవలసినదానికన్న ఎక్కువ బరువు ఉన్నారు. దేశమంతటికీ ఈ లెక్క ఆడవారిలో 24, మగవారిలో 23 మాత్రమే. అంటే తిండి విషయంలో మనం దేశానికే ముందున్నాం! 2023లో భారత వైద్య పరిశోధన మండలి పక్షాన వెలువడిన పెద్ద పరిశీలనలో దేశంలో చక్కెర వ్యాధిగ్రస్తులు 10 కోట్ల పైచిలుకు అని తేలింది. ఆ వ్యాధి గడపదాకా వచ్చి నిలిచినవారు ఇంకా 13 కోట్ల 60 లక్షలు.

"మేమేమీ లావు కాదే, కొంచెం పొట్ట ఉంది, అంతే" అనేవారు మనలో చాలామంది. అసలు సంగతి ఆ పొట్టలోనే ఉంది. పూనాలోని డాక్టర్ యాజ్ఞిక్‌గారు, ఇంగ్లండులోని యుడ్కిన్‌గారు 2004లో ఒక ప్రసిద్ధమైన వైద్య పత్రికలో తమ ఇద్దరి ఫోటో వేసుకున్నారు. ఎత్తుకు తగిన బరువు లెక్క ఇద్దరికీ ఒకటే, 22.3. కాని ఒంట్లోని కొవ్వు కొలిస్తే ఆ దొరగారికి నూటికి 9 పాళ్ళు, మన డాక్టరుగారికి 21 పాళ్ళు! చూచుటకు బక్కగా ఉండి లోపల కొవ్వు దాచుకొనుట మన దేశపు ఒంటి లక్షణము. అందుచేతనే మనవారికి హద్దులు తక్కువగా పెట్టినారు. కిలోలలో మీ బరువును, మీటర్లలో మీ ఎత్తుతో రెండుసార్లు భాగించండి. 23 దాటితే బరువు ఎక్కువ, 25 దాటితే స్థూలకాయము. 165 సెంటీమీటర్ల ఎత్తు గలవానికి 62, 63 కిలోల దగ్గర మొదటి హద్దు, 68 కిలోల దగ్గర రెండవ హద్దు వస్తుంది. ఆ ఎత్తుకు 78 కిలోలు ఉన్నవారు ఈ సభలోనే మాకు కనబడుచున్నారు. పేర్లు చెప్పము.

అంతకంటె తేలిక లెక్క నడుము కొలత. బొడ్డు ఎత్తున టేపు చుట్టి చూడండి. మగవారికి 90 సెంటీమీటర్లు, అంటే ముప్పై ఐదున్నర అంగుళాలు, ఆడవారికి 80 సెంటీమీటర్లు, అంటే ముప్పై ఒకటిన్నర అంగుళాలు దాటరాదు. "మా ప్యాంటు 34 సైజే" అని వాదించకండి. ఆ ప్యాంటు పొట్ట కింద కడుతున్నారు. ప్యాంటు బిగిస్తే ఒక మాట చెబుతుంది. లుంగీ, షల్వారు మటుకు ఎన్నడూ చెప్పవు. మనవారి పొట్టలు తెలియకుండా పెరిగిపోవుటకు అదొక కారణమని మా అనుమానము.

ఇక తీరిక సంగతి. ఎవరిని అడిగినా ఒకే జవాబు, "ఫుర్సత్ ఎక్కడుంది మాస్టారూ!" నిజమే, మనవారిలో తీరికగల ఉద్యోగాలు తక్కువ. బట్టల దుకాణము, చెప్పుల దుకాణము, మెకానిక్ షెడ్డు, ఆటో, కుట్టుమిషను, పండ్ల బండి. ఉదయం తొమ్మిదిన్నరకు షట్టరు ఎత్తితే రాత్రి పదికి దించుట. ఇంటికి వచ్చి పదకొండు గంటలకు కడుపు నిండా అన్నము, సాలన్, వెంటనే పడక. దుకాణంలో పన్నెండు గంటలు కష్టపడినారు, నిజమే. కాని కష్టమంతా కూర్చొని పడ్డది. మనసు అలసింది, నోరు అలసింది, కాళ్ళు మాత్రం అలసిపోలేదు. అలసట వేరు, వ్యాయామం వేరు. ఈ రెంటినీ ఒకటిగా భావించుట వల్లనే చిక్కంతా వస్తున్నది.

అటువంటి ఒక దుకాణదారుని దినచర్య తీసుకొని లెక్క వేద్దాం. మేము బడిలో లెక్కలు కూడా చెబుతాం గనుక ఇది మాకు ఇష్టమైన పని. ఆయనకు రోజుకు ఎనిమిది టీలు. గిరాకీ వస్తే ఒకటి, రాకపోతే ఒకటి, స్నేహితుడు వస్తే ఒకటి. గ్లాసుకు రెండు చెంచాల చక్కెర, అంటే 10 గ్రాములు. ఎనిమిది టీలకు 80 గ్రాములు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు 2024లో సవరించి ప్రకటించిన ఆహార సూత్రాలలో రోజుకు చక్కెర 20, 25 గ్రాములు మించరాదన్నారు. ఈయన టీలతోనే దానికి మూడింతలు దాటినాడు. నెలకు రెండున్నర కిలోల చక్కెర దుకాణపు స్టూలు మీదనే కూర్చొని తాగుచున్నాడన్నమాట! ఎనిమిదిని మూడు చేసి, గ్లాసుకు ఒక చెంచా చేసుకుంటే 65 గ్రాములు తగ్గుతుంది. గ్రాము చక్కెరకు 4 కేలరీల చొప్పున 260 కేలరీలు మిగులు. ఇందుకు ఒక్క నిమిషం తీరిక కూడ అవసరం లేదు. పైగా టీ డబ్బులు మిగులు.

తరువాత నూనె. అయిదుగురున్న ఇంట నెలకు ఎనిమిది లీటర్ల నూనె వాడుతున్నారనుకోండి. మన ఇండ్లలో ఇది ఎక్కువేమీ కాదు, సాలన్ మీద అంగుళం మందాన తేలకపోతే వంట కుదరలేదనే వారున్నారు గదా! దానిని అయిదు లీటర్లకు తెస్తే తలకు రోజుకు సుమారు 160 కేలరీలు తగ్గుతవి. నూనె గ్రాముకు 9 కేలరీలు. బియ్యానికి, చక్కెరకు, పప్పుకు సుమారు 4 మాత్రమే. కాబట్టి తక్కువ శ్రమతో ఎక్కువ తగ్గించదలచినవారు గరిటె దగ్గర మొదలుపెట్టాలి. డబ్బాలోనుంచి నేరుగా వంచకుండా చెంచాతో కొలిచి పోయవలెను. ఇది ఇంటి ఆడవారి చేతిలోని పని. కాని సాలన్ పలచబడిందని విస్తరి ముందు మొగము ముడుచుకొనే మగవారికే ముందు చెప్పవలసి ఉంది.

మూడవది రాత్రి అన్నము. చారెడు తగ్గితే, అంటే వండిన అన్నము ఒక కప్పు, 200 కేలరీలు పోతవి. ఈ మూడూ కలిపితే రోజుకు 600 పైన. శరీరంలోని ఒక కిలో కొవ్వు కరగవలెనంటే సుమారు 7,700 కేలరీలు లోటు పడాలి. రోజుకు 550 లోటు వేసుకుంటే రెండు వారాలకు ఒక కిలో. నెలకు రెండు కిలోలు. ముందుకు పోయినకొద్దీ ఒళ్ళు సర్దుకుంటుంది గనుక వేగం మందగిస్తుంది, దానికి దిగులు పడరాదు. నెలలో పది కిలోలు తగ్గిస్తామని గోడలమీద కాగితాలు అంటించేవారిని, పొడులు, చూర్ణాలు అమ్మేవారిని నమ్మి డబ్బు, మూత్రపిండాలు రెండూ పోగొట్టుకోకండి. 2025లో మన దేశపు మార్కెట్లోకి వచ్చిన కొత్త సూదిమందుల సంగతి యువకులు అడుగుతున్నారు. అవి పనిచేసేవే, కాని డాక్టరు చూచి, పరీక్షలు చేసి వ్రాయవలసిన మందులు. దుకాణంలో అడిగి తెచ్చుకొని పొడుచుకొనేవి కావు.

ఇంకొక్క లెక్క చెప్పి తిండిని విడిచి నడకకు వస్తాము. 70 కిలోల మనిషి అరగంట వడిగా నడిస్తే ఖర్చయ్యేది సుమారు 120 కేలరీలు. ఒక పెద్ద చెంచా నూనెలో ఉన్నది కూడా సరిగ్గా అంతే! అందుకని పొద్దున నడిచివచ్చి, "ఈ రోజు నడిచినాం గదా" అని దారిలో రెండు మిర్చిబజ్జీలు తినేవారు నష్టంలో ఉన్నారు. బరువు తగ్గేది ముఖ్యంగా నోటివల్ల. తగ్గినది మళ్ళీ రాకుండా ఆపేది, చక్కెరను, రక్తపోటును అదుపులో పెట్టేది, కండ కరిగిపోకుండా కాపాడేది కాళ్ళు. ఒకటి చేసి రెండవది మానుట ఒక చక్రంతో బండి తోలుట.

ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2020లో చెప్పినది వారానికి 150 నిమిషాలు మొదలు 300 నిమిషాల వరకు నడక వంటి వ్యాయామం, వారంలో రెండు దినాలు కండలకు బలమిచ్చే పని. 150 నిమిషాలంటే అయిదు దినాలు అరగంట. ఆ అరగంట ఒకేసారి దొరకాలని లేదు. పది నిమిషాలు మూడుసార్లు అయినా చెల్లుతుంది. మనకు ఒక సదుపాయం ఉంది. మసీదు ఇంటికి గాని, దుకాణానికి గాని 400 మీటర్ల దూరంలో ఉన్నదనుకోండి. పోవుట, వచ్చుట 800 మీటర్లు. అయిదు పూటలకు నాలుగు కిలోమీటర్లు! ఈ నడక మన తాతలకు ఉండేది. మనం మోటారుసైకిలు మెట్లదాకా తీసుకొనిపోయి ఆపుతున్నాం. జుమ్మా నాడు మసీదు ముందర బండ్లు పెట్టుటకు చోటులేక జగడాలు కూడ అవుతున్నవి. నమాజే వ్యాయామము గదా అని కొందరు అంటారు. నమాజు ఇబాదత్, దానిని కసరత్తుగా లెక్క కట్టుట మాకు నచ్చదు. నమాజుకు నడచిపోవుట మాత్రం లెక్క కట్టవచ్చును.

ఫజర్ తరువాత మళ్ళీ పడుకొనే అలవాటు మనలో బలంగా ఉంది. రాత్రి పన్నెండుకు పడుకున్నవానిని తప్పుపట్టి లాభం లేదు. కాని రాత్రి భోజనం టిఫిను డబ్బాలో దుకాణానికే తెప్పించుకొని మగ్రిబ్‌కు ఇషాకు మధ్య తినేస్తే, ఇంటికి పోయి మజ్జిగ తాగి పదకొండుకు పడుకోవచ్చు. అప్పుడు ఫజర్ తరువాత పాతిక నిమిషాలు తుంగభద్ర ఒడ్డునో, కొండారెడ్డి బురుజు వైపో నడచుటకు ఒళ్ళు సహకరిస్తుంది. ఆటో నడిపేవారు స్టాండులో గిరాకీ కోసం కూర్చొని ఫోను చూచే బదులు వరుస చివరి దాకా పది సార్లు నడవవచ్చు. కుట్టుమిషను దగ్గర ఉన్నవారు అరగంటకొకసారి లేచి నీళ్ళు తాగి రావాలి. భోజనం చేసిన వెంటనే పది నిమిషాల నడక రక్తంలో చక్కెర ఒక్కసారిగా పెరగకుండా ఆపుతుంది, ఇది చక్కెర వ్యాధి ఉన్నవారు ముఖ్యంగా గుర్తుంచుకోవలసినది.

కండల బలానికి జిమ్ము అక్కర లేదు. ఒకప్పుడు మన పేటలలో తాలీంఖానాలుండేవి. మట్టి గోదా, రెండు ముగ్దర్లు, ఒక ఉస్తాదు. దండ్, బైఠక్ తప్ప వేరే యంత్రం లేదు. హైదరాబాదు బార్కస్ పహిల్వాన్ల పేరు నేటికీ వినబడుతున్నది. ఆ బైఠక్కులే ఇప్పుడు ఇంగ్లీషు పేరు పెట్టుకొని నెలకు ఫీజు తీసుకుంటున్నవి. నలభై దాటినవారు కుర్చీలోనుంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చొనుట పదిసార్లతో మొదలుపెట్టి, గోడకు చేతులు ఆనించి దండ్ పదిసార్లు చేస్తే చాలు. పనిచేసే కొలది పెంచుకొనవచ్చును. ఇంట్లో తలుపు మూసుకొని ఆడవారు కూడ చేయవచ్చు. మోకాళ్ళ నొప్పి ఉన్నవారు డాక్టరును అడిగి చేయాలి.

చెన్నైలో చేసిన ఒక పరిశీలన సంగతి ఇక్కడ చెప్పాలి. చక్కెర వ్యాధి గడపలో ఉన్న 531 మందిని మూడేండ్లు కనిపెట్టి చూచి 2006లో ఫలితాలు ప్రకటించారు. ప్రత్యేకంగా ఏమీ చేయించకుండా వదిలినవారిలో నూటికి 55 మందికి వ్యాధి వచ్చింది. తిండిలో మార్పు, నడక చెప్పి వెంబడించినవారిలో 39 మందికే వచ్చింది. వీరు ఖాళీగా కూర్చున్న ధనికులు కారు, ఉద్యోగాలు చేసుకొనే మధ్యతరగతివారు. మన వంటివారికి సాధ్యమే అనుటకు ఇంతకంటె రుజువు ఎందుకు?

ఇక దావత్‌లు, రంజాను. ఈ రెంటినీ వదిలి మనవారి బరువు గురించి మాట్లాడుట వృథా. పెండ్లి బిర్యానీ తినవద్దని మేము చెప్పము, చెప్పినా మీరు వినరు. మొదటి వడ్డన తిని, ముందు పెరుగు చట్నీ, ఉల్లి, కీరా వేసుకొని, నెమ్మదిగా నమలండి. దస్తర్‌ఖాన్ మీద అందరికంటె ముందు ముగించినవాని పళ్ళెంలోనే రెండవ వడ్డన పడుతుంది. డబల్ కా మీఠా, ఖుబానీ కా మీఠా రెండూ ఉంటే ఒకటి ఎంచుకోండి. వడ్డించేవారికి కూడ ఒక మనవి. "ఇంకొంచెం, మా మీద ఒట్టు" అని బలవంతం చేయుట మన తహజీబ్ అనుకుంటున్నాం. ఇన్సులిన్ పొడుచుకొని వచ్చిన బంధువు పళ్ళెంలో ఒట్టు వేసి మిఠాయి పెట్టుట ఏ తహజీబ్? కడుపులో మూడవ వంతే ఆహారానికి, మిగిలినది నీటికి, శ్వాసకు అన్న తిర్మిజీ హదీసు మనకు తెలియనిది కాదు. జుమ్మా బయానులో వింటాం, జుమ్మా భోజనంలో మరుస్తాం.

కొర్రలతో, జొన్నలతో బిర్యానీ చేస్తే లావెక్కము అనే మాట ఒకటి ఇప్పుడు బయలుదేరింది. జొన్నరొట్టె, సంగటి మన సీమ తిండి, చాలా మంచివి, పీచు ఎక్కువ, ఆకలి ఆలస్యంగా వేస్తుంది. కాని పోసే నూనె, నెయ్యి తగ్గకుండా గింజ మార్చితే వచ్చే లాభం కొంచెమే. దాల్చా, గోంగూరతో చేసే అంబాడే కీ భాజీ, చర్బీ తీసిన కీమా, ఇవి మన వంటలే. పళ్ళెంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పావు వంతు అన్నమో రొట్టెనో, పావు వంతు పప్పో మాంసమో గుడ్డో, ఇట్లా సర్దుకుంటే మన రుచి పోదు.

రంజానులో ముప్పై దినాలు పగలంతా తినకుండా ఉండి కూడ పండుగనాటికి బరువు పెరిగినవారు ఉన్నారంటే కారణం వెదకనక్కరలేదు. ఇఫ్తార్ బల్ల చూస్తే చాలు. సమోసా, బజ్జీ, రంగు షర్బతు, మళ్ళీ తరావీహ్ తరువాత హలీమ్, మళ్ళీ సహరీకి పరాటా. కొందరు తగ్గుతారు, కాని ఆ తగ్గినది కొన్ని వారాలలోనే తిరిగి వచ్చేస్తుంది. రెండు, మూడు ఖర్జూరాలు, నీళ్ళు, మసీదు గంజి, మగ్రిబ్ చేసుకొని ఆ తరువాత మామూలు భోజనం. నూనెలో వేయించినవి వారానికి రెండు రోజులే అనుకుంటే రోజా మన ఒంటికి కూడ మేలు చేస్తుంది. చక్కెరకు మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు మాత్రం రంజానుకు నెల ముందే డాక్టరును కలిసి మోతాదు మార్పించుకోవాలి. సొంతంగా మాని, సొంతంగా తగ్గించి ఆసుపత్రి పాలయినవారిని చూస్తున్నాం.

చివరకు పరదా వెనుకనున్నవారి సంగతి. ఇందాకటి సర్వేలో 36 మంది అన్నది వీరి లెక్క. ఇంటిపని చేస్తున్నారు గదా, వ్యాయామం ఎందుకు అంటారు. వంట, అంట్లు, బట్టలు అలసట తెస్తవి గాని గుండె వడిగా కొట్టుకొనేంత నడక అందులో లేదు. పైగా పిల్లలు పళ్ళెంలో వదిలినది, రిజ్క్ పారవేయరాదని, తల్లి తింటుంది. ఆ భావన గొప్పది. కాని దానికి మందు తక్కువ వండుట, తక్కువ వడ్డించుట. తల్లి కడుపును చెత్తబుట్ట చేయుట కాదు.

నడుద్దామంటే వీరికి చోటేదీ? మగవారు నది ఒడ్డుకు పోతారు. బురఖాలో ఉన్న తల్లి వేకువ చీకటిలో ఎక్కడికి పోగలదు? సందులో కుక్కలు, రోడ్డు మీద లారీలు, మూల మీద నిలబడి చూచే కుర్రవాళ్ళు. "నడవండమ్మా" అని డాక్టరు కాగితం మీద వ్రాసి ఇస్తాడు. ఆ కాగితం దిండుకింద ఉంటుంది. మా బడికి వచ్చే తల్లులను అడిగి చూచినాము. మనసు లేక కాదు, స్థలం లేక మానుతున్నారు.

అందుచేత ఈ సభలో ఒక ప్రతిపాదన పెడుతున్నాము. మన ఉర్దూ బడి ఆవరణకు నాలుగు వైపులా గోడ ఉంది. గేటుకు తాళము ఉంది. ఒక చుట్టు సుమారు 200 మీటర్లు, పది చుట్లు తిరిగితే రెండు కిలోమీటర్లు. బడి తొమ్మిదికి గాని మొదలు కాదు. ఫజర్ తరువాత ఒక గంట ఆ ఆవరణను ఆడవారికి మాత్రమే విడిచిపెట్టవలెను. తాళంచెవి కావలివాని భార్య దగ్గర ఉండాలి, మగవారెవరూ, మాతో సహా, ఆ గంటలో గేటు లోపలికి రారాదు. కావలసినవి రెండు దీపాలు, ఎగుడుదిగుడుగా ఉన్న తూర్పు మూలకు నాలుగు బండ్ల మొరం, త్రాగుటకు ఒక కుండ నీళ్ళు. బడి కమిటీవారి అనుమతి కొరకు అర్జీ వ్రాసి తెచ్చినాము. అధ్యక్షులవారు, కార్యదర్శిగారు సంతకం చేస్తే రేపే ప్రధానోపాధ్యాయులవారికి అందజేస్తాము. మొరం తోలించుటకు ట్రాక్టరున్న సభ్యులొకరు ఇదివరకే ఒప్పుకున్నారు. దీపాల ఖర్చు యువకులు చూచుకుంటామన్నారు. సంఘమునుండి అడిగేది ఆ సంతకాలు, నెలకు కావలివాని భార్యకు ఇచ్చే కొద్దిపాటి జీతము.

వరండాలో బల్లమీద తూకపు యంత్రము, టేపు, ఒక నోటు పుస్తకము పెట్టించినాము. వెనుక గదిలో ఆడవారికి వేరే యంత్రము, వేరే టేపు ఉన్నవి, అక్కడ మా బడి టీచరమ్మలు ఇద్దరు కూర్చుంటారు. పేరు వద్దనుకొనేవారు నంబరు వేయించుకోవచ్చు. బరువు, నడుము కొలత, తేదీ వ్రాయించుకొని పొండి, మూడు నెలల తరువాత ఇదే యంత్రం మీద మళ్ళీ చూద్దాం. భోజనానికి పోకముందే తూగవలెనని మనవి. తరువాత తూగితే బిర్యానీ బరువు కూడ మీ ఖాతాలోనే పడుతుంది.